మా బావ లాగిన బ్రేకు

మా బావకూ నాకూ పడదు. పడదు అనడం కూడా నేను మర్యాదకు వాడుతున్న మాట. అక్క పెళ్ళయిన కొత్తలో ఒక దావత్‌లో నలుగురి ముందు నన్ను చూపించి, "మా బామ్మర్ది ఏం జేస్తడంటే, టేపు చుడ్తడు. తెగిన వైరు కనవడ్తె సాలు, టేపు" అని పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. బావను ఆ రోజే నా లెక్కలోంచి తీసేశాను. అక్కను మాత్రం తీసెయ్యలేకపోయాను.

నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. వరంగల్‌లో ములుగు రోడ్డు మీద నా షెడ్డు. కార్ల వైరింగు చూస్తాను, స్కానర్ పెట్టి లోపాలు వెతుకుతాను. బావ డ్రైవరు. మొదట్లో లారీ నడిపేవాడు, తర్వాత ఒక బట్టల సేటు దగ్గర కారెక్కాడు. ఆ కారెక్కినప్పటి నుంచీ మనిషి నడకే మారిపోయింది. నా షెడ్డు ముందు నుంచి పోయేటప్పుడు హారన్ కొట్టేవాడు, ఆగేవాడు కాదు. ఆ కారుకు చిన్న బల్బు పోయినా షోరూముకే తీసుకెళ్ళేవాడు. "మా కారు టేపు చుట్టెటోళ్ళకు ఇయ్యం" అన్నాడని పాన్ డబ్బా దగ్గర విన్నాను. బావ చెప్పే మాటల్లో సగం గొప్పలు, మిగతా సగం ఆ గొప్పలకు సాక్ష్యాలు. పరకాల నుంచి ఎంత తొందరగా వచ్చాడో చెప్పడం మొదలుపెడితే, అసలు బయలుదేరక ముందే చేరిపోయాడేమో అనిపించేది.

కాబట్టి ఆ మధ్యాహ్నం అక్క ఆటో దిగి ఏడుస్తూ షెడ్డులోకి వచ్చి, "మీ బావను సేటు గొట్టిండురా, అందరి ముంగట చెంప మీద గొట్టిండు" అన్నప్పుడు నాకు మొదట కలిగింది జాలి కాదు. ఏం చేశాడో తెలుసుకోవాలన్న కుతూహలం. ఇంకా నిజం చెప్పాలంటే, కాస్త ఆనందం.

జరిగింది ఇది. సేటు కొడుక్కి సంబంధం కుదిరింది. రెండు రోజుల కింద కొత్త వియ్యాలవారితో కలిసి పాలకుర్తి గుట్ట మీది గుడికి వెళ్ళారు. పులిహోర గిన్నెలు చూసుకోవడానికి అక్కను కూడా వెంట తీసుకెళ్ళారు. వాలులో కారు ఆపి అందరూ దిగారు. చెప్పులు విడుస్తుండగానే సేటు కారు తనంతట తాను వెనక్కి జారి, వెనక ఆపి ఉన్న వియ్యంకుడి కొత్త కారు ముందు భాగాన్ని పగలగొట్టింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కొత్త సంబంధం ముందు సేటు పరువు మాత్రం పోయింది. ఆ కోపంలో బావను కొట్టాడు.

"నేను బ్రేకు గుంజిన, ఎర్ర లైటు సుత వచ్చింది అని మొత్తుకుంటాండురా. ఒక్కలు ఇనలే" అంది అక్క.

ఆ కారుకు మామూలు హ్యాండ్ బ్రేకు ఉండదు. గేరు పక్కన వేలెడంత స్విచ్చు ఉంటుంది. దాన్ని పైకి లాగితే వెనక చక్రాల దగ్గరున్న చిన్న మోటార్లు తిరిగి బ్రేకు బిగిస్తాయి, ముందు మీటర్ల దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. బావకు ఆ స్విచ్చు మీద ఎప్పుడూ నమ్మకం లేదు. లారీలు నడిపినవాళ్ళకు కారును గేరులో పెట్టి దిగే అలవాటుండదు. న్యూట్రల్ చేస్తారు, బ్రేకు వేస్తారు, చక్రం కింద రాయి పెడతారు. ఆ రోజు కూడా బావ రాయి కోసం వెతికాడట. సేటు చూసి, "లారీ అనుకున్నవా ఏంది? వియ్యాలోళ్ళు జూస్తాండ్రు, రాయి పడెయ్యి" అని కసిరాడట. బావ రాయి పడేసి చేతులు దులుపుకున్నాడు. ఆ తర్వాత కారు జారింది.

"సేటు పనిలకెల్లి తీసేసిండు. అది గూడ ఫికర్ లేదురా. బజార్ల అందరికి చెప్తాండు, వీడు బ్రేకు మర్చిపోయెటోడు అని. ఇంకెవరిస్తరు బండి? నీ మిషన్ వెట్టి ఒక్కసారి జూడు."

"సేటు కారు నా దగ్గరికెందుకు వస్తదక్కా? షోరూమోళ్ళు జూసిన్రు గద?"

"జూసిన్రు. బ్రేకు మంచిగనే ఉన్నదన్నరు."

"మరి మంచిగనే ఉంటే బావ మర్చిపోయినట్టే."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. గొంతు తగ్గించి, "మర్చిపోయిండేమోరా. నాక్కూడ గట్లనే అనిపిస్తాంది. ఆయనకు చెప్పకు" అంది. బావ మాట అక్క కూడా నమ్మడం లేదని తెలిసి నాకు కడుపు చల్లగా అయింది. దాచుకోవడం దేనికి, అయింది.

మూడో నాడు సేటే స్వయంగా కారు నడుపుకుంటూ నా షెడ్డు ముందు ఆగాడు. దిగలేదు. అద్దం దించి హారన్ కొట్టాడు. హారన్ కొట్టి పిలిచేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. చేతిలో పని వదలకుండా కాసేపు అలాగే నిలబెట్టాను. చివరికి ఆయనే దిగి వచ్చాడు.

"పసుపు లైటు వస్తాంది. షోరూమోళ్ళు వచ్చే వారం రమ్మంటాండ్రు. నువ్వు వాని బామ్మర్దివంట గదా. నీ బావకు వకాలత్ జేసుడు అవసరం లేదు. లైటు ఆర్పు, చాలు."

పసుపు లైటు అంటే కారులో ఏదో లోపముందని చెప్పేది. మా వ్యాపారంలో నాకు పరమ అసహ్యమైన మాట ఇదే. లైటు ఆర్పు. జ్వరం ఎందుకొచ్చిందో అక్కర్లేదు, థర్మామీటరు తీసి పారెయ్యమన్నట్టు. ఆర్పడం పెద్ద పని కాదు, స్కానర్‌లో ఒక మీట నొక్కితే చాలు. షోరూమువాళ్ళు చేసింది కూడా అదే అయి ఉంటుందని నా అనుమానం. "తాళం ఇచ్చిపో సేటూ, ఆరిందో లేదో పొద్దుగూకాల వచ్చి చూసుకో" అన్నాను.

స్కానర్ తగిలించాను. ఇప్పటి కార్లలో ఇంజన్‌కు ఒకటి, మామూలు బ్రేకుకు ఒకటి, మీటర్లకు ఒకటి, పార్కింగ్ బ్రేకుకు ఒకటి, ఇలా చిన్న చిన్న కంప్యూటర్ డబ్బాలు ఉంటాయి. అవన్నీ మెలిపెట్టిన రెండు సన్నని తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఇంజన్ డబ్బాను అడిగితే, పార్కింగ్ బ్రేకు డబ్బా నుంచి కబురు రావడం లేదని చెప్పింది. మీటర్ల డబ్బా కూడా అదే చెప్పింది. తీరా పార్కింగ్ బ్రేకు డబ్బాను పలకరిస్తే, నేనిక్కడే ఉన్నానన్నట్టు వెంటనే పలికింది. స్విచ్చు లాగాను. మోటార్లు తిరిగి బ్రేకు బిగిసింది. వదిలాను, వదిలింది. ఎన్నిసార్లు చేసినా అంతే. మధ్యలో ఎప్పుడో మాట తెగుతోంది, మళ్ళీ కలుస్తోంది.

ఇక్కడ నా బుర్ర ఎటు పోయిందో చెప్పాలి. ఆ డబ్బా డిక్కీలో ఒక పక్కన ఉంటుంది. కారు వెనక్కి జారి గుద్దింది. గుద్దినప్పుడు వైరు లాగుకుపోయి ఉండొచ్చు. అలాగైతే ఈ లోపం గుద్దిన తర్వాత వచ్చింది. అంటే గుద్దక ముందు బ్రేకు బాగానే ఉంది, బావ లాగడం మరిచిపోయాడు. నాకు కావాల్సింది అదే. పాలకుర్తిలో చెంప మీద పడ్డ దెబ్బ న్యాయంగా పడిందని నా నోటితో నేనే చెప్పాలని ఉబలాటంగా ఉంది. వైరు తెగి ఉండాలని కోరుకుంటూ డిక్కీ తెరిచాను.

తెరవగానే చీమలు కనిపించాయి. డిక్కీ అంచున రబ్బరు పట్టీ మీదుగా సన్నటి ఎర్ర చీమల బారు లోపలికి పోతోంది. బట్టల సేటు కారులో చీమలకు ఏం పని అనుకుంటూ కింద పరిచిన దళసరి పట్టా ఎత్తాను. అడుగంతా నల్లగా, జిగటగా ఉంది. వేలితో ముట్టి వాసన చూశాను. బెల్లం.

మా వైపు వాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. మేడారం జాతరకు మొక్కుకున్నవాళ్ళు మనిషి ఎత్తు బెల్లం తూచి అమ్మవార్లకు సమర్పిస్తారు. కొన్ని వారాల క్రితమే జాతర అయింది. జాతర దారిలో బండ్లు ఎంతసేపు నిలబడిపోతాయో తెలిసిందే. ఎండకు డిక్కీ మూకుడులా కాగుతుంది, బెల్లం ముద్దలు కరుగుతాయి. కారింది సరే, కారిన బెల్లం ఒక చోట గడ్డకట్టి ఉండాలి కదా. ఇది అలా లేదు. నీళ్ళలో కలిసి, పక్క గోడ దాకా పారి, అక్కడ ఇంకినట్టు చార కట్టింది. ఎవరో డిక్కీలో నీళ్ళు పోశారు.

పక్కనున్న ప్లాస్టిక్ మూత విప్పాను. బ్రేకు డబ్బా బిగించిన చోట ఉంది, పగల్లేదు. వైరు లాగుకుపోలేదు. గుద్దిన దెబ్బ అసలు అటు వైపు తగల్లేదు. డబ్బాకు తగిలించే కనెక్టర్ ఊడదీసి చూస్తే, లోపలి పిన్నుల మీద ఇత్తడి చెంబుకు పట్టినట్టు ఆకుపచ్చ చిలుము. మాట్లాడుకునే తీగల పిన్నులకు పట్టింది, కరెంటు వచ్చే పిన్నుకూ పట్టింది. ఆ చిలుము మీద ఎండిన బెల్లం పొర, పొరలో చచ్చి అతుక్కుపోయిన చీమలు. చిలుము నాలుగైదు రోజుల్లో పట్టేది కాదు. పాలకుర్తి కంటే ముందు నుంచే అది అక్కడ ఉంది.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. బావ మీదనే అయి ఉంటుంది, ఈ ఒక్కసారి కూడా నాకు దొరకనందుకు.

అయినా సరే ఇంకో పరీక్ష చేశాను. కనెక్టర్ మళ్ళీ తగిలించి, పక్క షాపు టైర్లాయన్ను పిలిచి స్కానర్ చూస్తుండమన్నాను. నేను కనెక్టర్‌ను చేత్తో కొంచెం కదిపాను. "పోయింది" అన్నాడు. ఇటు కదిపాను. "వచ్చింది" అన్నాడు. తర్వాత ఆయన్ను సీట్లో కూర్చోబెట్టి స్విచ్చు లాగమన్నాను. మోటార్లు తిరగడం మొదలుపెట్టగానే కనెక్టర్ కదిపాను. చక్రాల దగ్గర చప్పుడు సగంలో ఆగిపోయింది.

"లైటు ఎట్లున్నది?"

"ఎర్రగనే ఉన్నది."

"ఇప్పుడు?"

"ఉన్నది... ఆగాగు, పసుపుది సుత వచ్చింది."

దిగి కారును ఒక తోపు తోశాడు. కదిలింది. మాట తెగక ముందు అందిన కబురుతోనే మీటర్లలో ఎర్ర లైటు అలా వెలుగుతూ ఉండిపోతుంది. ఎర్ర లైటు చూసి తాళం తీసుకుని దిగినవాడికి, ఆ తర్వాత వచ్చే పసుపు లైటు కనపడదు. బావ బ్రేకు లాగాడు. ఎర్ర లైటు వచ్చింది. ఆ అబద్ధాలకోరు చెప్పిన ప్రతి మాటా నిజం.

సాయంత్రం సేటు వచ్చాడు. చిలుము చూపించాను, చీమలు చూపించాను, కనెక్టర్ కదిపి బ్రేకు సగంలో ఆగడం చూపించాను. బెల్లం అన్న మాట వినగానే ఆయన ముఖం మారింది.

"డిక్కీల నీళ్ళెవలు వోసిన్రు సేటూ?"

సేటు అటూ ఇటూ చూశాడు. తర్వాత చెప్పాడు. జాతర నుంచి వచ్చాక డిక్కీలో బెల్లం పాకం చూసి వాళ్ళమ్మ భయపడిందట. అమ్మవార్ల బెల్లం తొక్కుళ్ళ పడొద్దు, గుడ్డతో తుడిచి చెత్తలో వేయొద్దు, పనివాళ్ళ చేత కడిగించొద్దు, మొక్కు తీర్చిన ఇంటివాళ్ళే కడగాలి అందట. డ్రైవర్ను దూరంగా నిలబెట్టి, చెప్పులు విడిచి, పసుపు నీళ్ళు చల్లి, పైపు పట్టి, ఆ నీళ్ళు తులసి కోట దగ్గరికి పారేలా సేటే స్వయంగా కడిగాడు. భక్తితో, బాగా ఎక్కువసేపు కడిగాడు.

ఇంతవరకూ నాకు ఆయన మీద పెద్ద కోపం లేదు. మా ఇంట్లో అయినా అమ్మ అదే చెప్పేది, నేనూ అదే చేసేవాణ్ణేమో. ఆ తర్వాత ఆయన అన్న మాటకు పుట్టింది కోపం.

"ఇదంత ఎవలకు చెప్పకు. మా అమ్మకు తెలిస్తే అమ్మవార్లకు కోపమొచ్చిందని మంచం వడ్తది. వైరు ఎలుక కొరికిందని చెప్పు. మంచిగ జేసి లైటు ఆర్పు."

"మరి మా బావ?"

"వానికేమైంది?"

వానికేమైంది! నా నోరు నా చేతిలో లేకుండా పోయింది. "వానికేమైందా? పదిమందిల చెంప వగలగొట్టి వానికేమైందంటవా? బ్రేకు గుంజిండు వాడు! రాయి వెడ్తనంటే వద్దన్నది నువ్వు, డిక్కీల పైపు వట్టింది నువ్వు! ఎలుక మీద చెప్తవా? నిన్నటి దాక మా బావ మీద చెప్పినవ్, ఇయ్యాల ఎలుక దొరికిందా?" అని రోడ్డు వినేలా అరిచాను. టైర్లాయన వచ్చాడు, పాన్ డబ్బా దగ్గరున్నవాళ్ళు వచ్చారు. అందరికీ చిలుము పట్టిన కనెక్టర్ చూపించి, మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. జాతర, బెల్లం, పైపు, అన్నీ. సేటు చెయ్యి చాపి తాళం అడిగాడు. నేను తాళాన్ని చేతికివ్వకుండా బానెట్ మీద పెట్టాను. అది తీసుకుని కారును అలాగే నడుపుకుంటూ పోయాడు. ఆ కారు నా షెడ్డుకు మళ్ళీ రాలేదు.

బజారులో మాట తిరగడానికి ఎంతసేపు పడుతుంది? మర్నాటికి సేటు పైపు పట్టిన కథ మండీ బజారు దాకా పోయింది. మధ్యాహ్నానికి సేటు మనిషి బావ ఇంటికి వెళ్ళి, పనిలోకి రమ్మంటున్నాడని చెప్పాడట. తప్పయిందని చెప్పి పంపలేదు. రమ్మన్నాడు, అంతే. బావ పోలేదు.

నేను ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పండక్కి తప్ప నేను ఆ గడప తొక్కను. ఆ రోజు మాత్రం ఛాతీ విరుచుకుని వెళ్ళాను. టేపు చుట్టేవాడని నవ్విన మనిషి నా ముందు తల దించుకోవాలి, కనీసం ఒక కప్పు చాయ్ అయినా తన చేత్తో ఇవ్వాలి. బావ మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. నన్ను చూసి గొంతు కూడా తగ్గించలేదు దానిది.

"నువ్వు బ్రేకు గుంజినవ్ బావా. నేను సూసిన. కనెక్టర్ల చిలుము వట్టింది" అన్నాను.

"నేను గుంజిన్నో లేదో నువ్వు నాకు చెప్పుడేందిరా? నాకు తెల్వదా?"

టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు.

"సేటుతోని నీ కోసం కొట్లాడిన. సడక్ మీద నిలవడి కొట్లాడిన."

"నా కోసం కొట్లాడినవా, లైటు ఆర్పుమన్నడని కొట్లాడినవా?"

అంతలో అక్క చాయ్ పట్టుకుని లోపలి నుంచి వచ్చింది. బావ అప్పుడు టీవీ ఆపేశాడు. ముందు అక్కను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ రోజు షెడ్డులో అక్క గొంతు తగ్గించి అన్న మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు. అదే ఇంట్లో ఉంటున్న మనిషికి తెలియకుండా ఉంటుందా?

"సేటు గొట్టిండు. ఆయన పరాయోడు, ఆయన పరువు వాయె, గొట్టిండు. మీరిద్దరు ఏమన్నరు? మిషన్ చెప్పినంక నమ్మిన్రు. అక్కాతమ్ముళ్ళు ఇద్దరు, మిషన్ చెప్పినంక నమ్మిన్రు."

అరవలేదు. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి, అది మాకు అలవాటే. అక్క చాయ్ గ్లాసు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చాయ్ తాగకుండా పెట్టి వస్తే బాగుండదని తాగాను. నోరు కాలింది.

ఇప్పుడు బావ మిర్చి బస్తాల వ్యాను నడుపుతున్నాడు. దానికి స్విచ్చు లేదు, చేత్తో గట్టిగా గుంజే పాత బ్రేకు ఉంది. అప్పుడప్పుడు అక్కను మా ఇంటి దగ్గర దించడానికి వస్తాడు. మా ఇంటి ముందు రోడ్డు చదునుగా ఉంటుంది. నీళ్ళు పోస్తే ఎటు పోవాలో వాటికే తెలియనంత చదును. అయినా బావ ఇంజన్ ఆపి, బ్రేకు గుంజి, ఈ మధ్య గేరులో కూడా పెట్టి, దిగి, మా ప్రహరీ పక్కనున్న నల్ల రాయిని రెండు చేతులతో ఎత్తుకొచ్చి వెనక చక్రం కింద పెడతాడు. పెట్టి నా వైపు చూస్తాడు. ఒక్క మాట అనడు. టేపు అని కూడా అనడం మానేశాడు. అంటే బాగుండునని నాకు అనిపిస్తుంది.

పోయేటప్పుడు రాయిని కాలితో పక్కకు నెడతాడు. అది మా గేటుకు అడ్డంగా పడుతుంది. బండి తీయాలంటే నేను దిగి ఆ రాయి జరపాలి. జరిపిన ప్రతిసారీ తిట్టుకుంటాను. తిట్టుకుంటూనే దాన్ని మళ్ళీ ప్రహరీ పక్కన, బావ చేతికి అందేటట్టు పెడతాను.